రే లేక్స్ లూప్ ఒక్కడినే తిరిగొచ్చాను: గ్లెన్ పాస్ కింద నుంచి వెనక్కి దిగిన రోజు

కొండబాట, ఫ్రీమాంట్

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ ఫోరంలో మీరు కొండ నడకల గురించి రాసినవి చదివి, ఒక్కడినే వెళ్లే ధైర్యం తెచ్చుకున్నాను కాబట్టి తిరిగొచ్చాక రాయడం నా బాధ్యత అనిపించింది. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండల్లో కింగ్స్ కాన్యన్ నేషనల్ పార్క్ ఉంది. ఫ్రెజ్నో నుంచి 180వ నంబరు రహదారి పట్టుకుని వెళ్తే లోయ అడుగున ఒకచోట రోడ్డు ఆగిపోతుంది. ఆ చోటి పేరే రోడ్స్ ఎండ్. అక్కడ కారు పెట్టి, చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే రావడం రే లేక్స్ లూప్. మొత్తం 41 మైళ్లు. మొదలయ్యేది 5,035 అడుగుల దగ్గర, అన్నిటికన్నా ఎత్తు గ్లెన్ పాస్, దాదాపు 12,000 అడుగులు. పాస్ అంటే మన కనుమే: రెండు లోయల మధ్య కొండను దాటే చోటు.

ఆగస్టు మూడో వారంలో వెళ్లాను. ఐదు రోజులు అనుకున్నది ఆరు రోజులైంది. ఆ ఒక్క రోజు ఎందుకు పెరిగిందో చెప్పడానికే ఈ పోస్టు.

మొదటి రోజు మిస్ట్ ఫాల్స్ దాకా జనం ఉన్నారు. అది దాటి పారడైజ్ వ్యాలీలోకి ఎక్కాక ఒక్కసారిగా ఎవరూ లేరు. నది పక్కన టెంట్ వేసుకున్నాను. రెండో రోజు వుడ్స్ క్రీక్ మీద వేలాడే వంతెన. ఒక్కొక్కరే దాటాలని బోర్డు ఉంటుంది. అడుగు వేస్తే పలక ముందుకు పోతుంది, వంతెన వెనక్కి పోతుంది. బ్యాగు 34 పౌన్లు. మధ్యలో ఆగి రెండు చేతులా తాళ్లు పట్టుకుని కిందికి చూశాను, ఆ తర్వాత మళ్లీ చూడలేదు. మూడో రోజు డాలర్ లేక్, ఆరోహెడ్ లేక్ దాటి రే లేక్స్ చేరాను.

ఆ సాయంత్రం గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. సరస్సు 10,500 అడుగుల ఎత్తులో ఉంది. ఒకవైపు ఫిన్ డోమ్ అనే రాతి కొమ్ము, దక్షిణాన పెయింటెడ్ లేడీ అనే కొండ. దాని రాయిలో ఎరుపు, బూడిద, గోధుమ రంగు చారలు, చీర అంచుల్లా ఒకదాని కింద ఒకటి. పొద్దు వాలుతుంటే ఆ చారలన్నీ నీళ్లలో తలకిందులుగా కనిపించాయి. ఒక చేప పైకి లేచి మునిగింది. చారలన్నీ చెదిరిపోయి మెల్లగా మళ్లీ కుదురుకున్నాయి. పక్కన ఎవరైనా ఉంటే చూడు చూడు అనేవాణ్ణి. ఎవరూ లేరు కాబట్టి అది మొత్తం కుదురుకునేదాకా నేనే చూశాను.

నాలుగో రోజు గ్లెన్ పాస్ దాటాలి. ఇంట్లో బయల్దేరే ముందు ఒక కాగితం రాసుకున్నాను. అందులో ఒక వాక్యం: "11:30కల్లా పాస్ మీద లేకపోతే, ఆకాశంలో మబ్బు పెరుగుతుంటే, వెనక్కి." వేసవిలో సియెర్రాలో మధ్యాహ్నాలు పిడుగుల వాన వస్తుంది. ఉదయం ఆకాశం కడిగినట్టు ఉంటుంది, పన్నెండింటికి తలమీద నల్లమబ్బు. అందుకే కనుమలు పొద్దున్నే దాటాలంటారు.

నేను ఆ రోజు ఆలస్యంగా బయల్దేరాను. రాత్రి మంచుకు టెంట్ తడిసింది, ఆరబెట్టుకుంటూ కూర్చున్నాను. అది నా తప్పే. రే లేక్స్ నుంచి పాస్ దాకా రెండు మైళ్లలో 1,400 అడుగులు ఎక్కాలి, అంతా పగిలిన రాయి, నీడ లేదు. 11:20కి పాస్ గీత కళ్ల ముందే కనిపిస్తోంది, ఇంకో అరగంట. పెయింటెడ్ లేడీ వెనక తెల్లటి మబ్బు కాలీఫ్లవర్‌లా పొంగుతోంది, అడుగు భాగం నల్లబడింది. ఇద్దరు కుర్రాళ్లు నన్ను దాటుతూ "వచ్చెయ్యి, ఇంకెంతో లేదు, ముగ్గురం కలిసి దాటేద్దాం" అన్నారు. మంచి పిల్లలు, మనస్ఫూర్తిగానే అన్నారు.

నేను కాగితం తీసి చూసుకున్నాను. వెనక్కి దిగాను.

12:40కి వడగళ్లు. శనగగింజంత. కిందికొచ్చి పొట్టి చెట్ల గుంపు దగ్గర టెంట్ వేసి కూర్చున్నాను. మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెట్టాను: పదిహేను, పన్నెండు, ఏడు, ఒకసారి మూడు. ఐదు సెకన్లంటే ఒక మైలు. రెండు గంటలు పట్టింది ఆగడానికి.

మర్నాడు ఆరింటికే బయల్దేరి ఎనిమిదిన్నరకల్లా పాస్ దాటాను. రాళ్ల నీడల్లో వడగళ్లు ఇంకా కుప్పలుగా ఉన్నాయి. విడెట్ మెడో దగ్గర ఆ కుర్రాళ్లిద్దరూ కనిపించారు. క్షేమంగా ఉన్నారు. పాస్ అవతల గబగబా దిగేశారట, వాళ్లకు వాన తగిలిందంతే.

అంటే నేను వెనక్కి దిగకపోయినా ఏమీ అయ్యేది కాదేమో. అయినా నేను చేసింది సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. ప్రశ్నలుంటే అడగండి.

---

ఓరుగల్లు పిల్ల, శాన్ హోసే

అన్నా, మంచిగ రాసినవ్. చదువుతుంటే నేనే ఆ వంతెన మీద నిలబడ్డట్టు అనిపించింది.

నేను రెండేండ్ల సంది గ్రూపులతోని పోతున్న. ఒక్కదాన్నే పోవాలని మస్తు కోరిక. కని రాత్రి గురించే భయం. నడుసుడు నడుస్త, టెంట్ల ఒక్కదాన్నే పండుడు ఎట్ల? నీకు మొదటి రాత్రి నిద్ర పట్టిందా? నిజం చెప్పు. ఇంకోటి, తిండి ఏం తీస్కపోయినవ్? ఎలుగుబంట్లు తెరవకుంట గట్టి డబ్బాల పెట్టాలంటరు గద, అండ్ల మన తిండి పడతదా?

---

కొండబాట

చెల్లెమ్మా, నిజం చెప్తాను. మొదటి రాత్రి పట్టలేదు. నది చప్పుడులో మాటలు వినిపించాయి. నలుగురు దూరంగా కూర్చుని మాట్లాడుకుంటున్నట్టే. లేచి లైటు వేసి చూస్తే ఎవరూ లేరు. పారే నీళ్ల పక్కన ఒంటరిగా పడుకున్న చాలామందికి అలా వినిపిస్తుందని తర్వాత తెలిసింది. రెండో రాత్రి నుంచి నీళ్లకు కాస్త దూరంగా వేసుకున్నాను, పడుకున్నాను.

తిండి: ఆ దారిలో గట్టి డబ్బా తప్పనిసరి, నాది బేర్ వాల్ట్ 500, పదకొండున్నర లీటర్లు. ఐదు రోజులకు సరిపోయింది, ఆరో రోజు కూడా మిగిలింది, ఎందుకంటే ఒక రోజు తిండి ఎక్కువ పెట్టుకున్నాను. వేయించిన ఉప్మా రవ్వ పోపుతో సహా పొట్లాలు కట్టాను. వేడినీళ్లు పోసి మూతపెడితే చాలు. అటుకులకు పులిహోర పొడి కలిపినవి, పొడి అన్నం, కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి. రోజుకు రెండు సున్నుండలు. ఎక్కేటప్పుడు సున్నుండ ఇచ్చినంత బలం నాకు కొన్న బార్లేవీ ఇవ్వలేదు. ఊరగాయ మాత్రం వద్దు. నూనె కారితే ఆ వాసన బ్యాగుకు పట్టేస్తుంది, అక్కడ అది మంచిది కాదు.

వాసన వచ్చేదేదైనా డబ్బాలోకే: టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, పెదాలకు రాసుకునేది కూడా. రాత్రి డబ్బాను టెంటుకు వంద అడుగుల దూరంలో, నీళ్లలోకి దొర్లిపోని చోట పెట్టాలి. చలికి ఆ మూత బిగుసుకుపోతుంది. పొద్దున్నే వేళ్లు కొంకర్లు పోయి తెరవలేక ఎండ వచ్చేదాకా ఆగాను ఒక రోజు.

---

రాతిమెట్లు, సాక్రమెంటో

చక్కగా రాశారు. నేను ఈ లూప్ మూడుసార్లు చేశాను, రెండుసార్లు ఒక్కడినే. రెండు విషయాలు కలుపుతాను, ఒకటి మీ మాటకు సవరణ.

"పొట్టి చెట్ల గుంపు దగ్గర టెంట్ వేసి కూర్చున్నాను" అన్నారు. చోటు సరైనదే. ఒంటరి చెట్టు కింద కాదు, మైదానం మధ్యలో కాదు, ఒకే ఎత్తున్న పొట్టి చెట్ల మధ్య. కానీ టెంట్ పిడుగు నుంచి కాపాడదు. అల్యూమినియం కడ్డీలున్న గుడ్డ అది, అంతే. వడగళ్లకు, తడికి, చలికి అడ్డు. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లకు వచ్చినప్పుడు పరుపు మీద పాదాలు దగ్గర పెట్టుకుని ముడుచుకు కూర్చోవడం మేలు, పడుకోకూడదు. అదీ పూర్తి రక్షణ కాదు. అసలు రక్షణ మీరు 11:20కి చేసినదే.

రెండోది నది. పారడైజ్ వ్యాలీ ఎగువన కింగ్స్ నది సౌత్ ఫోర్క్ మీదున్న వంతెన 2017లో వరదకు పోయింది. ఆగస్టులో వెళ్లినవాళ్లకు అది పెద్ద విషయం కాదనిపిస్తుంది. జూన్‌లో మంచు కరిగేటప్పుడు అదే నీళ్లు మనిషిని పడేస్తాయి. సియెర్రాలో చాలామంది ఎలుగుబంటికి భయపడతారు. నేను భయపడేది నీళ్లకు. ఒక్కరే వెళ్లేవాళ్లు తొలి వేసవిలో ఈ దారి పట్టొద్దు. దాటాల్సి వస్తే పొద్దున్నే దాటాలి, రాత్రి చలికి కరగడం తగ్గి నీళ్లు తక్కువుంటాయి. నడుము పట్టీ విప్పేసుకోవాలి, పడితే బ్యాగు వదిలేయగలగాలి.

కొండబాట గారూ, మీరెలా దాటారు?

---

కొండబాట

సవరణకు కృతజ్ఞతలు. నేను పరుపు మీద కూర్చున్నాను కానీ మధ్యలో నడుం వాల్చాను. ఇక వాల్చను.

నది మోకాలి దాకా. చెప్పులు మార్చుకుని, రెండు కర్రలూ ప్రవాహం వచ్చే వైపు ఆనించి దాటాను. పక్కనే దుంగలు అడ్డంపడి ఉన్నాయి, కొందరు వాటి మీద నడుస్తున్నారు. తడి దుంగ మీద ఆ బరువుతో నడవడం కన్నా నీళ్లలో దిగడమే నాకు నయమనిపించింది.

---

గోదారి గట్టు, రాజమహేంద్రవరం

బాబూ, మీరు క్షేమంగా వచ్చినందుకు సంతోషం. కానీ పెద్దవాణ్ణిగా ఒక మాట అనకుండా ఉండలేకపోతున్నానండి.

మా అబ్బాయి ఒరెగాన్‌లో ఉంటాడు. వాడూ ఇలాగే ఒక్కడే కొండలు తిరుగుతాడు. వాడు వెళ్లిన ప్రతిసారీ మా ఇంట్లో ఆ మూడు రోజులూ పొయ్యి మీద ఏం ఉడుకుతోందో కూడా తెలియదండి. మీరు మబ్బు చూసి వెనక్కి దిగారు, బావుంది. కాలు బెణికితే? ఆ రాళ్ల మధ్య చీలమండ విరిగితే ఏ కాగితం కాపాడుతుంది? ఇంకొక మనిషి పక్కనుంటే పోయేదేముంది? ఆ సరస్సు ఇద్దరు చూసినా అలాగే ఉంటుంది కదా. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు ఉన్నవాడు తన ప్రాణం తన ఒక్కడిదే అనుకోకూడదని నా ఉద్దేశం. తప్పుగా అనుకోవద్దు.

---

కొండబాట

అయ్యా, తప్పుగా ఎందుకనుకుంటాను. మా నాన్నగారు ఉండి ఉంటే ఇదే అనేవారు.

చీలమండ విషయంలో మీరన్నది నిజం. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే చిన్న పరికరం తీసుకెళ్లాను, వంద గ్రాములుంటుంది. ఆపద మీట నొక్కితే సహాయ కేంద్రానికి నేనున్న చోటు తెలుస్తుంది. కానీ హెలికాప్టర్ మబ్బులో రాదు. కొన్ని గంటలు, ఒక్కోసారి రాత్రంతా మనమే ఉండాలి. అందుకే చలిబట్టలు, ఒక రోజు తిండి ఎక్కువ ఉంచుకున్నాను. ఒక్కడినే ఉన్నప్పుడు నడక కూడా మారుతుంది. పక్కన మనిషి ఉంటే దూకేసే రాయిని చుట్టూ తిరిగి వెళ్తాను.

ఎందుకు ఒక్కడినే అంటారా, స్నేహితులతో వెళ్లినప్పుడు కొండ కన్నా స్నేహితులే ఎక్కువ గుర్తుంటారు. అదీ మంచిదే, అలాగా వెళ్తాను. ఈసారి కొండ కావాలనిపించింది.

---

స్టెతస్కోప్, డెన్వర్

వైద్యుడిగా ఒక మాట. మీరు వెళ్లిన దిశ, అంటే పారడైజ్ వ్యాలీ మీదుగా సవ్యదిశలో వెళ్లడం, ఎత్తుకు అలవాటు పడటానికి చాలా మంచిది. మొదటి రాత్రి ఆరేడు వేల అడుగుల్లో, రెండోది 8,500 దగ్గర, మూడోది 10,500 దగ్గర. ఎనిమిది వేల అడుగులు దాటాక కొందరికి తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం మొదలవుతాయి. శరీరదారుఢ్యానికీ దీనికీ సంబంధం లేదు. మారథాన్ పరిగెత్తేవాడికి రావచ్చు, వాళ్ల అమ్మకు రాకపోవచ్చు.

ఒంటరిగా వెళ్లేవారికి ఇందులో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. ఎత్తు మెదడు మీద పనిచేసినప్పుడు మనిషి తూలుతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, కానీ తనకు తాను బాగానే ఉన్నాననుకుంటాడు. దాన్ని పక్కవాళ్లు పట్టుకుంటారు. పక్కన ఎవరూ లేకపోతే ముందే పెట్టుకున్న నియమం ఒక్కటే దారి: తలనొప్పి ఉంటే పైకి వెళ్లను, మాత్ర వేసుకున్నా తగ్గకపోతే కిందికి దిగుతాను. నేల మీద గీత గీసుకుని మడమకు బొటనవేలు ఆనించి పది అడుగులు నడవండి. తూలితే మర్నాటి దాకా ఆగొద్దు, దిగిపోండి. ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బు రాకుండా వేసుకునే ఎసిటజోలమైడ్ అనే మందు గురించి బయల్దేరకముందే మీ డాక్టరును అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లు తప్పకుండా చెప్పాలి.

మీ కాగితం ఆలోచన నాకు నచ్చింది. పన్నెండు వేల అడుగుల దగ్గర అలసిన మెదడు తీసుకునే నిర్ణయం కన్నా ఇంటి దగ్గర భోంచేసి కూర్చున్న మెదడు తీసుకున్న నిర్ణయం నమ్మదగినది.

---

నల్లమల, ఆత్మకూరు

కొండబాట అన్నా, మాది నంద్యాల జిల్లా. నువ్వు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించినా.

మన పక్క పిల్లోళ్లు ఇది చదివి నల్లమలలోకి టెంటు ఎత్తుకోని పోతారేమోనని రాస్తాండా. వద్దు. ఇది పులుల అభయారణ్యం. నాగార్జునసాగర్ శ్రీశైలం అంటే దేశంలో అన్నిటికన్నా పెద్దది. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపల రాత్రి ఉండేదానికి లేదు. శేషాచలంలో ఎర్రచందనం గొడవ వల్ల ఇంకా గట్టిగా ఉంటారు, మనం ఎవురో చెప్పుకునే లోపలే పట్టుకోని కూర్చోబెడతారు.

నేను నడిచింది శివరాత్రికి, ఉగాదికి ముందర. వెంకటాపురం కాడ అడవిలోకి దిగి, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం. ఆ దినాల్లో దారి తెరుస్తారు. కన్నడ భక్తులు కాళ్లకు గుడ్డలు చుట్టుకోని వేలమంది వస్తారు. భీముని కొలను కాడ దిగి ఎక్కేది చూస్తే నీ గ్లెన్ పాస్ యాదికొస్తాది. అంతమంది ఉన్నా ఆ మెట్లు ఎక్కేటప్పుడు ఎవురూ మాట్లాడరు, ఊపిరి చాలదు. మా నాయన పోయేటప్పుడు మా అమ్మకు ఒకటే చెప్పిపోయేవాడు, ఫలానా దినం పొద్దుమునిగేలోపల ఇంట్లో ఉంటా అని. ఫోన్లు లేవు అప్పుడు. ఆ దినం మాపటికి మా అమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడేది. నీ కాగితం అదే.

ఇంకొకటి ముఖ్యం. అమెరికా నుంచి వచ్చేవాళ్లు ఆ ఉపగ్రహ పరికరం ఇండియాకు తీసుకోని రావద్దండి. అనుమతి లేకుండా ఇక్కడ అది చట్టవిరుద్ధం. తెలియక తెచ్చి విమానాశ్రయంలో పట్టుబడినవాళ్లు ఉండారు. హిమాలయాలకు పోయేవాళ్లయితే అక్కడి గైడును పెట్టుకోని పోండి.

---

వేపచెట్టు, ఫ్రీమాంట్

నేను కొండబాట గారి భార్యను. ఈ చర్చ ఆయనే చూపించారు. గోదారి గట్టు గారి మాట చదివాక రాయాలనిపించింది.

ఆయన చెప్పిన కాగితానికి రెండో ప్రతి మా ఫ్రిజ్ మీద ఉంది. అందులో ఏ రోజు ఎక్కడ పడుకుంటారో, కారు నంబరు, టెంట్ రంగు, బ్యాగు రంగు, పార్కు అత్యవసర ఫోన్ నంబరు ఉన్నాయి. రోజూ సాయంత్రం ఏడింటికి సందేశం వస్తుందని ఉంది. దాని కింద ఇంకో వాక్యం: "సందేశం రాకపోతే మర్నాడు మధ్యాహ్నం 12 దాకా ఎవరికీ ఫోన్ చేయకు. 12 దాటితే ఒక్క నిమిషం ఆగకు."

నాలుగో రోజు ఏడింటికి సందేశం రాలేదు. ఏడున్నర. ఎనిమిది. పిల్లలకు అన్నం పెట్టాను. చిన్నది నాన్న మెసేజ్ వచ్చిందా అంది, ఇంకా లేదమ్మా అన్నాను. గిన్నెలు కడిగాను, కడిగినవే మళ్లీ కడిగాను. ఫోన్‌లో వాతావరణం చూస్తే ఆ కొండల మీద పిడుగుల బొమ్మ. అప్పుడు ఫ్రిజ్ దగ్గరికెళ్లి ఆ వాక్యం చదివాను. అప్పటికి అరడజను సార్లు చదివి ఉంటాను. ఆయన చేతిరాత. మర్నాడు 12 దాకా. ఆ వాక్యం లేకపోతే నేను ఎనిమిదింటికే ఎవరో ఒకరికి ఫోన్ చేసేదాన్ని. వాళ్లు ఇంకొకరికి చేసేవారు. ఊళ్లో మా అత్తగారికి తెలిసేది, ఆవిడకు బీపీ.

9:05కి వచ్చింది. "ఒక రోజు ఆలస్యం. రే లేక్స్ దగ్గరే. క్షేమం."

గోదారి గట్టు గారూ, మీ భయం నాకు తెలుసు. ఆ రెండు గంటలు ఏ కాగితమూ తీసేయలేదు. కానీ ఏం చేయాలో తెలిసి భయపడటం వేరు, తెలియక భయపడటం వేరు. మీ అబ్బాయిని ఇలాంటిది ఒకటి రాసి పంపమనండి.

---

కొండబాట

ఆ రెండు గంటలకు కారణం నేనే, అది చెప్పాలి. 6:50కి పంపే మీట నొక్కి, మళ్లీ వాన పడుతోందని పరికరాన్ని టెంట్ లోపలి జేబులో పెట్టేశాను. చెట్ల కింద, రెండు కొండగోడల మధ్య. దానికి ఆకాశం కనిపించాలి. వెళ్లిందనుకున్నాను, వెళ్లలేదు. తొమ్మిదింటికి బయటికొచ్చి చూసుకుంటే "పంపుతోంది" అనే ఉంది. బండ మీద పెట్టి పక్కనే నిలబడ్డాను, కొద్దిసేపట్లోనే వెళ్లిపోయింది. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఇది నా తప్పులోంచి నేర్చుకోండి: పంపడం వేరు, వెళ్లడం వేరు. వెళ్లిందన్న గుర్తు కనిపించేదాకా చేతిలోనే ఉండాలి.

ఇంకోటి, నీళ్ల ఫిల్టరు. లోపల సన్నటి గొట్టాలుంటాయి. తడిసిన ఫిల్టరు రాత్రి గడ్డకడితే పాడైపోతుంది, పాడైనట్టు పైకి తెలియదు. స్లీపింగ్ బ్యాగులో పక్కన పెట్టుకుని పడుకోవాలి.

---

గోదారి గట్టు

అమ్మా, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించానండి. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గిన్నెలు మళ్లీ కడిగానందే, నేను బియ్యం ఏరిన బియ్యమే ఏరతాను" అంది.

ఒక్కడే వెళ్లడం మంచిదని నేను ఇప్పటికీ అనలేను. కానీ నిన్న రాత్రి మా వాడికి ఫోన్ చేసి, వెళ్లొద్దు అనకుండా మొదటిసారి, ఏ దారి, ఏ రోజు ఎక్కడ, ఎవరికి చెప్పి వెళ్తావు అని అడిగాను. వాడు నలభై నిమిషాలు మాట్లాడాడండి. అన్ని కొండల పేర్లు వాడి నోట ఎప్పుడూ వినలేదు.

---

ఓరుగల్లు పిల్ల

నాకు కూడా ఆ కాగితం ఫోటో పెట్టు అన్నా. నెంబర్లు చెరిపేసి పెట్టు. పర్మిట్ సంగతి గుడ చెప్పు.

---

రాతిమెట్లు

పర్మిట్ సంగతి నేను చెప్తాను. కింగ్స్ కాన్యన్‌లో రాత్రి ఉండాలంటే ఏడాది పొడుగునా పర్మిట్ కావాలి. మే చివరి నుంచి సెప్టెంబరు దాకా ప్రతి దారికీ రోజుకింతమందే అని లెక్క ఉంటుంది. రిక్రియేషన్ డాట్ గవ్‌లో ఆరు నెలల ముందు నుంచి దొరుకుతాయి, రే లేక్స్‌వి త్వరగా అయిపోతాయి. ఒక్కరికే కావాలంటే మాత్రం రద్దయినవి తరచూ దొరుకుతాయి, రోజూ చూస్తూ ఉండండి. పదివేల అడుగుల పైన మంట వేయకూడదు, గ్యాస్ పొయ్యి ఉండాలి.

కానీ చెల్లెమ్మా, మొదటి ఒంటరి రాత్రికి రే లేక్స్ వద్దు. కారుకు రెండు మైళ్ల లోపల ఉండేది చూసుకో. అర్ధరాత్రి వద్దనిపిస్తే లైటు పెట్టుకుని నడిచి వచ్చేయగలగాలి. మీకు దగ్గర్లో హెన్రీ కో స్టేట్ పార్క్ ఉంది కదా.

---

కొండబాట

కాగితం ఫోటో పెట్టాను. చూసి రాసుకో, నాది యథాతథంగా ఎత్తుకోకు. వెనక్కి తిరిగే గంట నీ నడకను బట్టి నువ్వే లెక్కకట్టాలి. మీ ఇంట్లో ఆ కాగితం ఎవరి దగ్గర ఉంటుందో ఆ మనిషితో కూర్చుని రాయి.

---

ఓరుగల్లు పిల్ల

ఐదు వారాలైంది. పోయొచ్చిన.

హెన్రీ కోల ఫ్రాగ్ లేక్ దగ్గర, ఒక్క రాత్రి. కాగితం మా అక్క దగ్గర ఇడిసిపెట్టిన. అండ్ల మేమిద్దరం కూసొని రాసినం: "రాత్రి భయమైతే 11 దాకా ఓర్చుకో. అప్పటికీ వద్దనిపిస్తే నడిచి కారుకు రా, నాకు ఫోన్ చెయ్." వెనక్కి వస్తే ఓడిపోయినట్టు కాదు అని గుడ అక్కనే రాసింది.

రాత్రి పది దాటినంక సప్పుడు మొదలైంది. టెంటుకు కొంచెం దూరంల గుర్రు గుర్రుమని ఎవరో నేల తవ్వుతున్నట్టు. గుండె నోట్లకొచ్చింది. హెడ్‌ల్యాంప్ వేసి సప్పట్లు కొట్టిన. అడవిపందులు, పిల్లలతోని. లైటు పడంగనే గడ్డిల కెళ్లి దౌడు తీసినయ్. సిన్నయి సివర్ల ఉరుకుతున్నయ్.

టైం చూసుకుంటే 10:40. ఇంక ఇరవై నిమిషాలు అనుకుంట కూసున్న. పదకొండైంది. బయటికొచ్చి నిలబడ్డ. సలిగాలి, సుక్కలు, దూరంగ ఎక్కడ్నో గుడ్లగూబ. కాగితం మల్ల సదివిన. మడిసి జేబుల పెట్టుకొని లోపలికి పోయి పండుకున్న.

పొద్దుగాల ఆరింటికి వడ్రంగి పిట్టలు లేపినయ్. అక్కకు మెసేజ్ పెట్టిన, పోయిందన్న గుర్తు వచ్చేదాక ఫోన్ చేతులనే పట్టుకొని నిలబడ్డ. తర్వాత నీళ్లు కాగబెట్టి నీ లెక్కనే ఉప్మా రవ్వల పోసిన.